వైల్డ్ కార్డ్: వింబుల్డన్ నుంచి ఫతే మైదాన్ దాకా

టోర్నమెంటులో ఆడేందుకు ర్యాంకు చాలని క్రీడాకారులకు నిర్వాహకులు తమ విచక్షణతో ఇచ్చే ప్రవేశాన్ని టెన్నిస్‌లో వైల్డ్ కార్డ్ అంటారు. 2004లో విడుదలైన ప్రేమ హాస్య చిత్రం ‘వింబుల్డన్’ కథకు ఈ ఆచారమే ఇరుసు. రిచర్డ్ లాంక్రెయిన్ దర్శకత్వం వహించిన ఈ సినిమాలో పాల్ బెటనీ పోషించిన పీటర్ కోల్ట్ ఒకప్పుడు ప్రపంచంలో 11వ ర్యాంకు ఆటగాడు, ఇప్పుడు 119కి జారిపోయాడు. ఆట మానుకునే ముందు వైల్డ్ కార్డ్‌తో వింబుల్డన్‌కు వస్తాడు. కిర్‌స్టెన్ డన్‌స్ట్ పోషించిన అమెరికన్ క్రీడాకారిణి లిజీ బ్రాడ్‌బరీని ప్రేమిస్తాడు, చివరికి టైటిల్ కూడా గెలుస్తాడు.

ఇది సినిమాల్లోనే జరిగే అదృష్టం అనుకోనక్కర్లేదు. 2001లో 125వ ర్యాంకులో ఉన్న క్రొయేషియా ఆటగాడు గొరాన్ ఇవానిసెవిచ్ వైల్డ్ కార్డ్‌తో వచ్చి, ఫైనల్లో ప్యాట్రిక్ రాఫ్టర్‌ను ఐదు సెట్లలో ఓడించాడు. వైల్డ్ కార్డ్‌తో వింబుల్డన్ పురుషుల సింగిల్స్ గెలిచింది ఆయన ఒక్కడే. ప్రేమకథకూ పూర్వరూపం ఉంది. 1974లో పెళ్లి నిశ్చయమైన జిమ్మీ కానర్స్, క్రిస్ ఎవర్ట్ ఇద్దరూ ఆ ఏడాది వింబుల్డన్ సింగిల్స్ విజేతలయ్యారు. పెళ్లి మాత్రం జరగలేదు. సినిమా ఇచ్చిన సుఖాంతం కంటే ఈ అసలు కథే ఎక్కువ కదిలిస్తుంది. అదే ఎవర్ట్ ఈ చిత్రంలో జాన్ మెకెన్రోతో పాటు వ్యాఖ్యాతగా కనిపిస్తుంది.

1987 విజేత ప్యాట్ క్యాష్ నటులకు ఆట నేర్పాడు. చాలా షాట్లలో నటులు బంతి లేకుండానే రాకెట్ ఊపగా, బంతిని తర్వాత కంప్యూటర్‌తో చేర్చారు. కొన్ని దృశ్యాలను 2003 పోటీలు జరుగుతున్నప్పుడు వింబుల్డన్‌లోనే, నిజమైన ప్రేక్షకుల ముందు తీశారు.

ఆ 2003 పోటీల్లోనే 16 ఏళ్ల హైదరాబాద్ అమ్మాయి సానియా మీర్జా, రష్యాకు చెందిన అలిసా క్లెబనోవాతో కలిసి బాలికల డబుల్స్ గెలిచింది. తెలుగు నేల మీద వైల్డ్ కార్డ్ చరిత్రలో ముఖ్యమైన పేరు ఆమెదే.    హైదరాబాద్‌లోని పాత ఫతే మైదానే తర్వాత లాల్ బహదూర్ స్టేడియం అయింది. 2003 నుంచి 2005 వరకు మహిళల అంతర్జాతీయ టోర్నమెంటు హైదరాబాద్ ఓపెన్‌కు ఈ ఆవరణే వేదిక.

సొంత ఊరి పోటీ కావడంతో నిర్వాహకులు తొలి ఏడాదే సానియాకు వైల్డ్ కార్డ్ ఇచ్చారు. ఆమె మొదటి రౌండులోనే ఓడిపోయింది. 2004లో సింగిల్స్‌లో, ఆ ఏడాది విజేతగా నిలిచిన నికోల్ ప్రాట్ చేతిలో ఓడినా, లీజెల్ హ్యూబర్‌తో కలిసి డబుల్స్ టైటిల్ అందుకుంది. స్థానికులకు వైల్డ్ కార్డ్ ఎందుకు ఇవ్వాలో ఈ రెండేళ్లే చెబుతాయి: ఓటమి దొరికినా, ప్రపంచ స్థాయి ఆట ఎలా ఉంటుందో ఇంటి ముంగిట్లోనే తెలుస్తుంది. 2005 ఫిబ్రవరి 12న జరిగిన ఫైనల్లో సానియా ఉక్రెయిన్‌కు చెందిన అలోనా బొండరెంకోను 6-4, 5-7, 6-3తో ఓడించి, డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ గెలిచిన మొదటి భారత మహిళ అయింది. పదేళ్ల తర్వాత, 2015లో, మార్టినా హింగిస్‌తో కలిసి వింబుల్డన్ మహిళల డబుల్స్ కూడా గెలిచింది.

హైదరాబాద్ టోర్నమెంటు అంతకాలం నిలవలేదు. 2006లో అది బెంగళూరుకు తరలిపోయింది, 2008 తర్వాత అక్కడా ఆగిపోయింది.