మంచమా? మందా?

క్షయ అనగానే ఒకప్పుడు ఇంట్లో కంచం, గ్లాసు వేరైపోయేవి. వీలున్నవాళ్ళు మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం లాంటి శానిటోరియంలకి వెళ్ళేవారు. మరి మిగిలినవాళ్ళు? దేశంలో రోగులు లక్షలు, మంచాలు కొన్ని వేలు!

1956లో మద్రాసు డాక్టర్లు దీనికి లెక్కకట్టి జవాబు వెతికారు. 193 మంది రోగుల్ని చీట్లు తీసినట్టు రెండు జట్లు చేశారు. ఒక జట్టుకి శానిటోరియంలో మంచి తిండి, విశ్రాంతి. రెండో జట్టుకి అదే ఇరుకిల్లు, అదే చాలీచాలని తిండి, చుట్టూ పిల్లాపాపలు. మందులు మాత్రం అందరికీ ఒకటే: ఐసోనయజిడ్, పాస్. ఇళ్ళల్లో ఉన్నవాళ్ళు మందు మింగుతున్నారో లేదో చెప్పకుండా వెళ్ళి చూసి వచ్చేవారు.

ఏడాది తిరిగేసరికి కళ్ళెలో క్రిములు పోయి జబ్బు అణిగినవాళ్ళు శానిటోరియంలో నూటికి 92, ఇళ్ళల్లో 86. ఐదేళ్ళకి ఆ కాస్త తేడా కూడా చెరిగిపోయింది. ఇంటివాళ్ళకి అంటుకోవడమూ ఎక్కువేం కాలేదు. గుణం మందుదే, మంచానిది కాదు!

1959లో ఈ ఫలితాలు బయటికి రావడంతో వైద్యం దారే మారింది. అంకెలంటే మనకి విసుగే. కానీ చంటిబిడ్డని వదిలి నెలల తరబడి ఎక్కడో పడుకోవలసిన తల్లిని ఇంట్లోనే ఉంచి బతికించింది ఆ అంకెలే కదండీ!