గాల్లోకి లేచే వేగం - దాని వెనక చరిత్ర

విమానం ముక్కు ఎప్పుడు లేపాలన్నది పైలట్ అప్పటికప్పుడు అనుకునేది కాదు. బయల్దేరకముందే మూడు వేగాలు లెక్క కట్టి ఉంచుకుంటారు. మొదటిది వీ-వన్. ఆ వేగం అందుకునేలోపు ఇంజను పోతే బ్రేకు వేసి ఆగొచ్చు. దాటాక ఆగడానికి రన్‌వే చాలదు, ఎగరాల్సిందే. వీ-ఆర్ దగ్గర ముక్కు లేపుతారు. ఒక ఇంజను ఆగిపోయినా 35 అడుగుల ఎత్తు చేరేసరికి వీ-టూ అందాలి. ఈ పద్ధతి ఇంత కట్టుదిట్టంగా రావడానికి చాలా ప్రాణాలు పోయాయి.

1952 మే 2న బ్రిటన్ వారి కామెట్ ప్రయాణికులతో ఎగిరింది. జెట్ ఇంజన్లతో రోజువారీ సర్వీసు నడిపిన మొదటి విమానం అదే. అదే ఏడాది అక్టోబరు 26 రాత్రి రోమ్‌లో ఒక కామెట్ రన్‌వే చివరిదాకా పరుగెత్తినా పైకి లేవలేదు. ప్రాణనష్టం లేదు. కెప్టెన్ ఫుట్ ముక్కు మరీ ఎక్కువ ఎత్తాడని తప్పు ఆయన మీద వేశారు, సరుకుల విమానాలకి మార్చారు. మన కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీలు చూసినవాళ్ళకి ఇది కొత్త కాదు. ముందు దొరికేది స్టీరింగ్ పట్టినవాడే కదా!

నాలుగు నెలలు తిరిగాయి. 1953 మార్చి 3 తెల్లవారుజామున కరాచీలో ఇంకో కామెట్, కెనడా కంపెనీది, అలాగే లేవలేక ఎండిపోయిన కాలవలో పడి కాలిపోయింది. అందులోని 11 మందీ పోయారు.

అసలు సంగతి రెక్కలో ఉంది. ముక్కు ఎక్కువ లేస్తే రెక్క మీద గాలి విడిపోయి, ఎత్తే బలం తగ్గి, వెనక్కి లాగే బలం పెరిగేది. ఆ కాలపు జెట్ ఇంజన్లకి దాన్ని మించే శక్తి లేదు. విమానం నేల మీదే చతికిలపడేది. తరవాత డి హావిలాండ్ కంపెనీ రెక్క ముందు అంచు కిందికి వంచి మార్చింది. మరి రెక్కలో ఏ లోపమూ లేకపోతే మార్చడం దేనికి?

అప్పటినుంచి కొత్త విమానం వస్తే టెస్టు పైలట్లు ముక్కు బాగా పైకెత్తి, తోక రన్‌వేకి రాసుకుంటూ పోతుంటే, ఏ వేగంలో నేల వదులుతుందో చూస్తారు. తోకకి రక్షణగా ఒక దిమ్మె బిగిస్తారు. ఆ కనీస వేగం మీద కొంత కలిపి, ఒక ఇంజను ఆపితే విమానం అదుపులో ఉండే వేగం కూడా చూసి, పట్టికలు తయారుచేస్తారు. ఇక ఆ రోజు బరువు, ఎండ, ఎత్తు బట్టి అంకెలు మారతాయి. లేహ్‌లో పనిచేసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. 10,600 అడుగులు దాటిన చోట గాలి పలచన, అంత వేగం అందుకోవడానికి రన్‌వే ఎక్కువ కావాలి. పొద్దెక్కి ఎండ ముదిరితే సామాను దింపాల్సిందే.

లెక్కలోకి రానిది ఇంకోటి మిగిలింది, రన్‌వే మీది కరిగిన మంచు బురద. 1958 ఫిబ్రవరి 6న మ్యూనిక్‌లో ఒక విమానం 117 నాట్లు అందుకుని, బురదలోకి వెళ్ళగానే 105కి పడిపోయింది. అప్పటికే వీ-వన్ దాటింది, ఆగడానికి చోటు లేదు. మాంచెస్టర్ యునైటెడ్ ఫుట్‌బాల్ ఆటగాళ్ళతో సహా 23 మంది పోయారు. రెక్కల మీది మంచు తీయించలేదని జర్మన్ విచారణ కెప్టెన్ థెయిన్‌నే తప్పు పట్టింది. ఉద్యోగం పోయింది. బురద విమానాన్ని ఎంత వెనక్కి లాగుతుందో పరీక్షలు చేసి చూశాక, 1969లో బ్రిటిష్ విచారణ ఆయన తప్పేమీ లేదని తేల్చింది. థెయిన్ 1975లో చనిపోయారు. మళ్ళీ ఎయిర్‌లైన్ విమానం నడపలేదు.