స్కీయాత్ర (నార్వే)

నార్వే దేశమున శీతకాలమందు, పాదములకు సన్నని పొడుగుపాటి స్కీ పలకలను బిగించుకొని, చేతికఱ్ఱల యూతతో సమీప పర్వతములకో అరణ్యములకో చేయు విహారము. ఓస్లో నగరవాసులు స్కీలతోడనే మెట్రో రైలెక్కి, ఫ్రోగ్నర్‌సేటెరెన్ స్టేషనున దిగి నూర్డ్‌మార్కా అరణ్యమును ప్రవేశింతురు. మంచు యొక్క ఉష్ణోగ్రతను బట్టి, ఎగువకు నడచునపుడు పట్టు చిక్కుటకై పలకల అడుగున మధ్యభాగమునను, దిగువకు సులభముగా జాఱుటకై కొనలందును వేర్వేఱు మైనములు పూయుదురు. 1868లో స్థాపితమైన నార్వే పర్యాటక సంఘము పర్వతములపై విశ్రాంతి కుటీరములను నిర్వహించుచు, మంచుచే కప్పబడిన దారులకు కొమ్మలు నాటి గుర్తులు నిలుపుచున్నది. యాత్రికులు పాటింపవలసిన పర్వత నియమములు తొమ్మిది. సకాలమున వెనుదిరుగుట సిగ్గుపడవలసిన పని కాదనునది వానిలో ఎనిమిదవది. ప్రాణరక్షణమునకు ఇంతకుమించిన హితవు లేదు.