ఎంపెంబా ఫిజిక్స్

పాలు ఇంకా పొంగలేదు. ఫ్రిజ్‌లో ఖాళీగా ఉన్న ట్రేలు తరిగిపోతున్నాయి.

అది 1963వ సంవత్సరం. తూర్పు ఆఫ్రికాలో టాంగన్యీకా అనే దేశానికి స్వాతంత్ర్యం వచ్చి రెండేళ్లు. మరుసటి ఏడు అది జాంజిబార్‌తో కలిసి టాంజానియా అవుతుంది. అక్కడి ఉసంబారా కొండల్లో మగంబా సెకండరీ స్కూలు ఉంది. ఆ బడి పిల్లలు ఐస్‌క్రీమ్ సొంతంగా చేసుకునేవారు. ఊళ్లో ఆడవాళ్ల దగ్గర పాలు కొని, మరిగించి, పంచదార కలిపి, బాగా చల్లారాక ట్రేలో పోసి ఫ్రిజ్‌లో పెట్టాలి. చేసేవాళ్లు ఎక్కువ, చోటు తక్కువ. అందుకే ఎప్పుడూ తోపులాటే.

ఆ రోజు ఎరాస్టో ఎంపెంబా పాలు పొయ్యి మీద పెట్టాడు. వయసు 13, చదువుతున్నది మూడో ఫారం. అది చూసిన ఇంకో కుర్రాడు ట్రే దొరకదేమోనని తొందరపడ్డాడు. తన పాలు కాయనైనా కాయకుండా, పచ్చిపాలలోనే పంచదార కలిపి ట్రేలో పోసి లోపలికి తోసేశాడు. ఇక మిగిలింది ఒక్క ట్రే. పాలు చల్లారేదాకా ఆగితే అదీ పోతుంది. వేడిపాలు పెడితే ఫ్రిజ్ పాడవుతుందన్న భయం ఒకవైపు, ఐస్‌క్రీమ్ మీద ఆశ ఒకవైపు. ఆశే గెలిచింది. ఎంపెంబా కాగిన పాలను కాగినట్టే ట్రేలో పోసి పెట్టేశాడు.

గంటన్నర తర్వాత ఇద్దరూ వెళ్లి తలుపు తీశారు. ఎంపెంబా ట్రే గడ్డకట్టి ఉంది. పక్కవాడి పాలు మాత్రం ఇంకా చిక్కటి ద్రవంగానే ఉన్నాయి.

పిల్లవాడికి సంతోషం కన్నా ఆశ్చర్యం ఎక్కువైంది. ఫిజిక్స్ మాస్టారి దగ్గరకు వెళ్లి అడిగాడు. నువ్వు పొరబడి ఉంటావు, అలా జరగడానికి వీల్లేదు అన్నారాయన. మాస్టారు చెప్పాక ఇంకేముంది? నమ్మేశాడు. కళ్లతో చూసిన దానికంటే పెద్దల మాటే ఎక్కువ అనిపించే వయసది.

సెలవుల్లో టాంగా పట్నం వెళ్లినప్పుడు ఆ నమ్మకం కదిలింది. అక్కడ అతని స్నేహితుడొకడు ఐస్‌క్రీమ్ చేసి అమ్ముతున్నాడు. మిశ్రమం వేడిగా ఉండగానే పెడతామని, అలా అయితే త్వరగా గడ్డకడుతుందని మామూలుగా చెప్పాడు. ఆ వ్యాపారంలో ఉన్న మిగతావాళ్లదీ అదే పద్ధతి. వాళ్లకు అది వింత కాదు, రోజూ చేసే పని. పొట్టకూటి కోసం రోజూ చేతులతో చేసేవాళ్లకు తెలిసిన విషయం, బడి గోడ దాటి లోపలికి వచ్చేసరికి 'పొరపాటు' అయిపోయింది. ఈ కథలో నన్ను ఎక్కువగా బాధించేది ఇదే.

తర్వాత ఇరింగాలో ఎంక్వావా హైస్కూల్లో చేరాడు ఎంపెంబా. జర్మన్ల మీద కత్తి దూసిన హెహె నాయకుడి పేరు పెట్టుకున్న బడి అది. ఫిజిక్స్‌లో మొదటి పాఠాలు ఉష్ణం గురించే. న్యూటన్ శీతలీకరణ నియమం చెబుతున్న రోజున ఎంపెంబా లేచి నిలబడ్డాడు.

"సార్, వేడిపాలు, చల్లటిపాలు ఒకేసారి ఫ్రిజ్‌లో పెడితే వేడివే ముందు గడ్డకడతాయి. ఎందుకని?"

"అలా జరగదు, ఎంపెంబా."

"జరుగుతుంది సార్, నేనే చేసి చూశాను."

"అయితే నువ్వు పొరబడ్డావు."

పిల్లవాడు వదల్లేదు. వాదించాడు. చివరికి మాస్టారు ఒక్క మాటతో ముగించారు: అది ఎంపెంబా ఫిజిక్స్, లోకమంతటికీ చెల్లే ఫిజిక్స్ కాదు.

ఆ మాట అక్కడితో ఆగలేదు. లాగరిథం పట్టికలో ఒక అంకె తప్పు చూసినా 'ఇది ఎంపెంబా గణితం' అనేవారు మాస్టారు. తరగతి మొత్తానికీ అది ఊతపదమైంది. ఏ తప్పు చేసినా ఎంపెంబా ఏదో ఒకటి అయిపోయేది. మన తరగతి గదుల్లో ఈ మాటకు ఎన్ని రూపాలున్నాయో చదువుకున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. 'అతితెలివి వద్దు.' 'ముందు పుస్తకంలో ఉన్నది చదువు.' 'పరీక్షకు రాదు, వదిలెయ్.' ఒక్కసారి అలా అనిపించుకున్న పిల్లలు చాలామంది మళ్లీ చెయ్యి ఎత్తరు.

న్యాయంగా చెప్పాలంటే మాస్టారి తర్కంలో లోపం కనిపించదు. 100 డిగ్రీల నీరు గడ్డకట్టాలంటే ముందు 35 డిగ్రీలకు దిగిరావాలి. అది అక్కడికి వచ్చేసరికి, 35 దగ్గర బయలుదేరిన నీరు ఇంకా ముందుకు వెళ్లిపోయి ఉంటుంది. మరి వెనకున్నది దాన్ని ఎలా దాటుతుంది? నన్నడిగినా ఇదే చెప్పేవాణ్ణి. ఆయన తప్పు ఈ తర్కం కాదు. ఫ్రిజ్ తలుపు తీసి చూడకపోవడం, అడిగిన పిల్లవాణ్ణి నవ్వులపాలు చేయడం.

ఎంపెంబా చెయ్యి మాత్రం దిగలేదు. ఒక మధ్యాహ్నం బయాలజీ ల్యాబ్ తెరిచి ఉంది, లోపల మాస్టారు లేరు. 50 ఘనపు సెంటీమీటర్ల చిన్న బీకర్లు రెండు తీసుకున్నాడు. ఒకదాంట్లో కుళాయి నీళ్లు, రెండోదాంట్లో బాయిలర్‌లోని వేడినీళ్లు పోసి ల్యాబ్ ఫ్రిజ్‌లో పెట్టాడు. గంట తర్వాత చూస్తే రెండూ పూర్తిగా గడ్డకట్టలేదు. కానీ వేడినీళ్లు పోసిన బీకర్లోనే మంచు ఎక్కువగా ఉంది. ఇది నిరూపణకు చాలదని అతనికే అనిపించింది. వీలు దొరికితే మళ్లీ చేయాలనుకున్నాడు. ఎవరూ చెప్పకుండా, ఎవరూ చూడకుండా, తన ఫలితాన్ని తానే అనుమానించిన ఆ కుర్రాడిలో అప్పటికే ఒక శాస్త్రవేత్త ఉన్నాడని నేను నమ్ముతాను.

ఇంతలో ఆ బడికి ఒక అతిథి వచ్చాడు. దార్ ఎస్ సలామ్ యూనివర్సిటీ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే డాక్టర్ డెనిస్ ఆస్బోర్న్. భౌతికశాస్త్రానికీ దేశాభివృద్ధికీ ఉన్న సంబంధం గురించి మాట్లాడాక, ప్రశ్నలుంటే అడగమన్నాడు. ఎంపెంబా లేచాడు. ఈసారి పాల మాట ఎత్తలేదు. ఒకేలాంటి రెండు గిన్నెలు, సమానంగా నీళ్లు, ఒకటి 35 డిగ్రీలు, ఇంకొకటి 100 డిగ్రీలు. ఫ్రిజ్‌లో పెడితే 100 డిగ్రీలదే ముందు గడ్డకడుతుంది, ఎందుకు?

ఆస్బోర్న్ చిరునవ్వు నవ్వి, ప్రశ్న మళ్లీ చెప్పమన్నాడు. చెప్పాడు.

"నిజమేనా? నువ్వు చేసి చూశావా?"

"చూశాను సార్."

నాకు తెలియదు, కానీ దార్ ఎస్ సలామ్ వెళ్లాక ఈ ప్రయోగం చేసి చూస్తానని మాటిస్తున్నాను అన్నాడు ఆస్బోర్న్. ఆ కుర్రాడు పొరబడ్డాడనే తానూ అనుకున్నానని తర్వాత ఆయనే రాశాడు. అయినా ఆ మాట పైకి అనలేదు. ప్రశ్నించే అలవాటును పెంచాలే తప్ప తుంచకూడదని సమయానికి గుర్తొచ్చిందట.

తోటి విద్యార్థులకు ఇదేమీ నచ్చలేదు. పెద్దమనిషి ముందు మా పరువు తీశావు అన్నారు. న్యూటన్ నియమం నీకు అర్థమైందా అసలు అని దెప్పారు. సిద్ధాంతం వేరు, చేసి చూడటం వేరు అన్నాడు ఎంపెంబా. 'ఎంపెంబా ఫిజిక్స్ కదా, మాకు ఆశ్చర్యం లేదులే' అని నవ్వారు.

దార్ ఎస్ సలామ్‌లో ఆస్బోర్న్ మాట నిలబెట్టుకున్నాడు. ఒక టెక్నీషియన్‌కు ప్రయోగం అప్పగించాడు. అతను చేసి వచ్చి, వేడిదే ముందు గడ్డకట్టిందని చెప్పాడు. ఆ వెంటనే, సరైన ఫలితం వచ్చేదాకా మళ్లీ మళ్లీ చేస్తూనే ఉంటామని హామీ కూడా ఇచ్చాడు! పుస్తకం పట్టు ఎంత బలమైందో చూడండి.

తర్వాత ఆస్బోర్న్ బృందం పద్ధతి ప్రకారం కొలతలు మొదలుపెట్టింది. 100 ఘనపు సెంటీమీటర్ల బీకర్లలో 70 చొప్పున నీళ్లు పోశారు. బీకర్ల కింద వేడి పోనివ్వని ఫోమ్ పలక పరిచారు. అడుగున పేరుకున్న మంచును వేడి బీకరు కరిగించి అందులోకి దిగబడటం వల్లే త్వరగా చల్లబడుతుందేమో అన్న అనుమానం దాంతో తీరిపోయింది. నీటిలో కరిగిన గాలి వల్ల తేడా రాకుండా అన్నిటికీ అప్పుడే మరిగించిన నీళ్లే వాడారు. 25 డిగ్రీల ప్రాంతంలో మొదలైన నీళ్లు గడ్డకట్టడం మొదలవ్వడానికి అన్నిటికన్నా ఎక్కువసేపు పట్టింది. 90 డిగ్రీల దగ్గర మొదలైనవాటికి చాలా తక్కువ సమయం సరిపోయింది. ఆవిరై పోయిన నీరు అంత తేడాకు చాలేంత లేదు. పైన సన్నటి నూనెపొర వేస్తే మాత్రం గడ్డకట్టడం గంటల తరబడి ఆలస్యమైంది. అంటే వేడి ప్రధానంగా పోతున్నది పైభాగం నుంచే. వేడిగా మొదలైన నీటిలో పైపొర అడుగుకన్నా వెచ్చగా ఉండిపోతుంది. చల్లబడుతున్నంతసేపూ వేడిని అది జోరుగా బయటికి వదులుతూనే ఉంటుంది. మాస్టారి తర్కంలోని మెలిక ఇక్కడుంది. బీకరులోని నీటినంతా ఒకే ఉష్ణోగ్రతతో చెప్పేయొచ్చని ఆయన అనుకున్నారు. నిజానికి పైన ఒకటి, అడుగున ఒకటి, మధ్యలో కదిలే ప్రవాహాలు. 35 డిగ్రీలకు దిగివచ్చిన నీరూ, 35 దగ్గర బయలుదేరిన నీరూ ఒకే స్థితిలో ఉండవు.

1969లో 'ఫిజిక్స్ ఎడ్యుకేషన్' పత్రికలో 'కూల్?' అనే శీర్షికతో వ్యాసం వచ్చింది. రచయితలు ఇద్దరు: ఎంపెంబా, ఆస్బోర్న్. ముందు భాగం కుర్రాడు తన మాటల్లో చెప్పుకున్న కథ, తర్వాతి భాగం ఆచార్యుడి కొలతలు. ఇద్దరి పేర్లూ పక్కపక్కనే. ఆ పని చేసినందుకు ఆస్బోర్న్‌కు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. ప్రశ్నను తీసుకొని పేరు వదిలేసిన ఆచార్యులు లోకంలో తక్కువేం లేరు.

సంగతి కొత్తదేమీ కాదని తర్వాత తెలిసింది. పొంటస్ ప్రాంతపు జనం మంచు మీద చేపలు పట్టేటప్పుడు రెల్లుకర్రలను బిగించడానికి చుట్టూ వేడినీళ్లు పోస్తారని, త్వరగా గడ్డకట్టడం కోసమే అలా చేస్తారని అరిస్టాటిల్ రాశాడు. బేకన్, డెకార్ట్ కూడా ఈ ప్రస్తావన తెచ్చారు. 1969లోనే కెనడాకు చెందిన జార్జ్ కెల్ విడిగా దీని మీదే రాశాడు. అయినా లోకం దీన్ని పిలిచేది 'ఎంపెంబా ప్రభావం' అనే. తరగతిలో వెక్కిరింతగా అతికించిన పేరు పాఠ్యపుస్తకాలకెక్కింది.

ఎంపెంబా ఫిజిక్స్‌లో కొనసాగలేదు. వన్యప్రాణి సంరక్షణ చదివి, ఆ శాఖలోనే ప్రభుత్వ అధికారిగా పనిచేశాడు. ఆయన ప్రశ్న మాత్రం పని ఆపలేదు. 2012లో బ్రిటన్‌లోని రాయల్ సొసైటీ ఆఫ్ కెమిస్ట్రీ దీనికి వివరణ చెప్పమని పోటీ పెడితే 22,000 ఎంట్రీలు వచ్చాయి. 2016లో బరిడ్జ్, లిండెన్ అనే ఇద్దరు పరిశోధకులు జాగ్రత్తగా కొలిచి, నీటిలో ఈ ప్రభావానికి నమ్మదగిన ఆధారం తమకు కనిపించలేదన్నారు. థర్మామీటరు ఎత్తు సెంటీమీటరు అటూఇటూ అయినా ఫలితం తారుమారవుతుందని చూపించారు. 2020లో కెనడాలోని సైమన్ ఫ్రేజర్ యూనివర్సిటీలో అవినాష్ కుమార్, జాన్ బెక్‌హోఫర్ నీటిని పక్కనపెట్టి, సూక్ష్మమైన గాజుపూస ఒకదానితో చేసిన ప్రయోగంలో వేడిది ముందుగా చల్లబడటం స్పష్టంగా పట్టుకున్నారు. నీటి విషయంలో వాదన ఇంకా తెగలేదు.

కాబట్టి మీ ఇంట్లో పిల్లలు అడిగితే ఫ్రిజ్ అప్పగించండి. వేడినీళ్లు పోసేటప్పుడు మాత్రం పక్కన ఉండండి. ఒకేలాంటి రెండు స్టీలు గ్లాసులు, సమానంగా నీళ్లు, కింద థర్మోకోల్ ముక్క. పది నిమిషాలకోసారి చూసి, తలుపు ఎన్నిసార్లు తీశారో కూడా కాగితం మీద రాయమనండి. మొదటిసారి చల్లటిదే ముందు గడ్డకట్టవచ్చు. అదీ రాయమనండి. గ్లాసుల స్థానాలు మార్చి మళ్లీ పెట్టమనండి. థర్మామీటరు ఉంటే, దాన్ని నీటిలో ఎంత లోతున ఉంచారో కొలిచి అది కూడా రాయమనండి.