అఫ్రోజాబాద్ దారి వంగర మీదుగా

పటం పరిచి వెతికితే అఫ్రోజాబాద్ ఎక్కడా దొరకదు. అది ఒక నవలలోని సంస్థానం. అక్కడ పుట్టి, చదివి, రాజకీయాల్లోకి దిగిన ఆనంద్ అనే పిల్లవాడి అసలు ఊరేదంటే మాత్రం మా దిక్కు ఎవరైనా చెప్తరు: ముల్కనూరుకు దగ్గర్లోని వంగర. పి.వి. నరసింహారావు 1998లో అచ్చు వేయించిన ‘ది ఇన్‌సైడర్’ పుట్టుక ఆ ఊరి వాకిట్లోనే ఉంది.

పీవీ పుట్టింది 1921 జూన్ 28న, నర్సంపేట దగ్గరి లక్నేపల్లిలో. పసితనంలోనే వంగరకు దత్తుడై వచ్చాడు. బడి కోసం చిన్న వయసులోనే ఊరు విడవాల్సి వచ్చింది, తర్వాతి చదువు హనుమకొండలో. ఇంట్లో తెలుగు, పై చదువులకు ఉర్దూ. నిజాం ఇలాకాలో పిల్లవాడికి అది మామూలు సంగతే. 1938లో వందేమాతరం పాడినందుకు విద్యార్థులను వెళ్లగొట్టినప్పుడు, ఆయనా నాగపూర్ బాట పట్టాడు. పదిహేడేళ్లు. మనం ఇంటర్ ఫీజు కట్టే వయసు.

ఇక్కడ నాకు డబ్లిన్ గుర్తుకొస్తుంది. జేమ్స్ జాయిస్ తన బాల్యాన్ని స్టీవెన్ డెడాలస్ అనే పేరు చాటున రాసిన నవల మొదట ‘స్టీవెన్ హీరో’ అనే లావుపాటి రాతప్రతి. సగంలో వదిలేసి, 1907 నుంచి అయిదు అధ్యాయాలుగా తిరగరాశాడు. 1914లో లండన్ పత్రిక ‘ది ఈగోయిస్ట్’లో ధారావాహికగా మొదలై, 1916 చివర్లో న్యూయార్క్‌లో పుస్తకమైంది. వదిలేసిన పాతప్రతిలో మిగిలిన భాగం జాయిస్ పోయాక, 1944లో గాని వెలుగు చూడలేదు. ఆ నవల చివర స్టీవెన్ కూడా ఊరు విడుస్తాడు. కాకపోతే అతను తనంతట తాను వెళ్తాడు, మనవాణ్ణి వెళ్లగొట్టారు. ఈ తేడా చిన్నది కాదు. వెళ్లగొట్టించుకున్నవాడు తిరిగొచ్చి ఏలాలనుకుంటాడు. పీవీ 1957లో మంథని నుంచి శాసనసభకు వచ్చాడు, 1971లో ముఖ్యమంత్రి అయ్యాడు. నవలలో ఆనంద్ నడిచేదీ ఆ దారే.

మన నవలకూ ఒక పాతప్రతి ఉంది. ‘ది అదర్ హాఫ్’ అనే పేరుతో ఏళ్ల తరబడి రాసుకున్న కాగితాలవి. 1995లో, ఆయన ప్రధానిగా ఉండగానే, కొన్ని పేజీలు ఒక వారపత్రికలో పడ్డాయి. జనం చదివింది పిల్లవాడి బాల్యాన్ని కాదు, ఆనంద్, అరుణల శృంగారాన్ని. పుస్తకం వచ్చాకా అంతే. ఏ పాత్ర వెనక ఏ నాయకుడున్నాడో లెక్కలు కట్టడంతోనే సరిపోయింది. ఏడువందల పేజీలు దాటిన పుస్తకంలో మొదటి పేజీలకు ఓపిక ఎవరికుంటుంది? నా మట్టుకు నాకు ముఖ్యమంత్రి ఆనంద్ కన్నా పిల్లవాడు ఆనంద్ ఎక్కువ నచ్చుతాడు. పెద్ద ఆనంద్ తన తరఫున తానే వాదించుకుంటాడు. చిన్నవాడికి ఇంకా ఆ అవసరం పడలేదు.

జాయిస్ ఊరి పేరు మార్చలేదు. వీధులు, చర్చీలు, కాలేజీ పేరుపేరునా ఉంటాయి. దాచింది తన పేరును. పీవీ తన పేరుతో పాటు హైదరాబాద్ సంస్థానాన్నీ దాచాడు. పదవులు చేసిన మనిషి కదా, సాక్ష్యం ఎంతవరకు చెప్పాలో వకీలు చదువు చదివినాయనకు తెలియదా?

ఇంకో ముడి భాషది. ఇంగ్లీషు తనది కాదు, ముందు ఏలేవాడిదన్న మంట స్టీవెన్‌కు ఉంటుంది. అయినా రాసింది అందులోనే. విశ్వనాథ ‘వేయిపడగలు’ను ‘సహస్రఫణ్’గా హిందీలోకి దించిన పీవీకి భాషలకు కొదవ లేదు. తన చిన్నతనాన్ని మాత్రం ఇంటి తెలుగులో కాదు, చదువుకున్న ఉర్దూలో కాదు, ఇంగ్లీషులో చెప్పుకున్నాడు. దేశమంతా చదవాలనుకున్నాడేమో. లేదా ఆ వాకిలిని కొంచెం దూరం నుంచి చూస్తేనే రాయగలిగాడేమో. కల్లూరి భాస్కరం అనువాదం ‘లోపలి మనిషి’తో గాని ఆనంద్ తెలుగులో మాట్లాడలేదు.

ఈలోగా వంగర చిరునామా కూడా మారింది. 2016 దాకా కరీంనగర్ జిల్లా, తర్వాత వరంగల్ అర్బన్, ఇప్పుడు హనుమకొండ. మా పెద్దవాళ్లు ఇప్పటికీ కరీంనగర్ వంగర అనే అంటరు.