నెలసరి క్రమం తప్పినప్పుడు తొలి దశలోనే గర్భం గుర్తింపు

నెలసరి ఒకసారి ముందు, ఒకసారి వెనుక వచ్చే స్త్రీకి నెల తప్పిందో లేదో లెక్క తేలదు. పీసీఓడీ, థైరాయిడ్ సమస్య, బిడ్డకు పాలివ్వడం ఇందుకు సాధారణ కారణాలు. వికారం, రొమ్ముల సలుపు, అలసట సూచనలే తప్ప రుజువులు కావు. అందుకే చివరిసారి కలిసిన రోజు నుంచి లెక్కించాలి: 21 రోజులు దాటితే, గర్భం ఉన్నట్లయితే మూత్రంలో హెచ్‌సీజీ హార్మోన్ సాధారణంగా బయటపడుతుంది. పరీక్షకు పొద్దున తొలి మూత్రం మేలు. పరీక్ష కిట్‌పై రెండో గీత రాకపోతే, అనుమానం తీరకపోతే, వారం ఆగి మళ్లీ చూడాలి. మహబూబాబాద్ జిల్లాలో, తండాల్లోనైనా, ఆశా కార్యకర్తను ‘నిశ్చయ్’ గర్భ పరీక్ష కిట్ అడగవచ్చు; ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. పొత్తికడుపులో ఒకపక్క తీవ్రమైన నొప్పి, రక్తస్రావం, కళ్లు తిరగడం ఉంటే పిండం గర్భసంచి బయట నిలిచి ఉండవచ్చు. అప్పుడు పరీక్ష కోసం ఆగకుండా 108కి ఫోన్ చేయాలి.