కీళ్ల మందులు – ఒంట్లో లవణాల లెక్క

మన పెన్షనర్లలో కీళ్ల నొప్పికి మాత్ర మింగనివారు అరుదు. ఆ మాత్ర వాపుతోపాటు ఒంట్లోని సున్నం, ఉప్పు, ఇనుముల లెక్కనూ మారుస్తుందన్న సంగతి వైద్యులకు క్రమంగా తెలిసివచ్చింది.

అమెరికాలోని రోచెస్టర్‌లో, మేయో క్లినిక్ డాక్టరు ఫిలిప్ హెంచ్ 1948 సెప్టెంబరు 21న, కీళ్లవాతంతో అడుగు తీయలేని 29 ఏళ్ల మహిళకు ఒక కొత్త హార్మోను ఇంజెక్షను మొదలుపెట్టారు. వారానికల్లా ఆమె లేచి బజారుకు వెళ్లివచ్చింది! అదే కార్టిసోన్. 1950లో హెంచ్, కెండాల్, రైఖ్‌స్టైన్‌లకు నోబెల్ బహుమతి లభించింది. కాని ఆ సంబరం ఎంతోకాలం నిలవలేదు. మందు ఎక్కువ మోతాదులో వాడినవారికి ముఖం ఉబ్బింది, కాళ్లకు నీరు దిగింది. మూత్రపిండాలు సోడియాన్ని పట్టి ఉంచి, పొటాషియాన్ని బయటికి పంపేస్తున్నాయి. పేగులు ఆహారంలోని కాల్షియాన్ని సరిగా తీసుకోక, కొత్త ఎముక కట్టే కణాలు మందగించి, ఎముకలు గుల్లబారాయి. ఈ జాతి హార్మోను ఒంట్లో మితిమీరితే ఎముకలు పలచబడతాయని హార్వే కుషింగ్ 1932లోనే రాసి ఉన్నారు. 1955లో వచ్చిన ప్రెడ్నిసోన్ ఉప్పు బెడదను చాలావరకు తగ్గించింది గాని, ఎముకల బెడదను తీర్చలేదు.

రెండో తెగ 1899లో బజారుకొచ్చిన ఆస్పిరిన్‌ది. ఇబుప్రొఫెన్, డైక్లోఫినాక్ దాని తరువాతి బంధువులు. ఇవి నొప్పిని పుట్టించే ప్రోస్టాగ్లాండిన్లను ఆపుతాయని జాన్ వేన్ 1971లో తేల్చారు. చిక్కేమిటంటే, జీర్ణాశయం పొరను, మూత్రపిండాలకు రక్తప్రసారాన్ని కాపాడేవీ అవే. అందుచేత కొందరికి కడుపులో తెలియకుండా రక్తం కారి ఇనుము తరిగిపోతుంది. సోడియం నిలిచి రక్తపోటు పెరగవచ్చు. పొటాషియం విషయంలో మాత్రం స్టిరాయిడ్లకు పూర్తిగా వ్యతిరేకం, ఇవి దాన్ని పెంచుతాయి. రక్తపోటుకు ఎనలాప్రిల్ వంటివి వాడే వృద్ధులకు ఇది గుండె లయను చెడగొట్టేదాకా పోవచ్చు. మందుల షాపులో అడిగి తెచ్చుకొని నెలల తరబడి వేసుకొనేవారు క్రియాటినిన్, పొటాషియం పరీక్ష ఎప్పుడు చేయించారో గుర్తు చేసుకోవాలి.

లెక్క తప్పినంత మాత్రాన నేరమంతా మందులదే అనరాదు. కీళ్లవాతంలో వాపు వల్లనే రక్తంలో ఇనుము, జింకు తగ్గుతాయి, రాగి పెరుగుతుంది. వ్యాధి లొంగితే రాగి మళ్లీ దిగివస్తుంది. రాగి కడియం తొడిగే మిత్రులకు ఈ మాట రుచించకపోవచ్చు.

ఇంకొక్క సంగతి. ఇది చదివి స్టిరాయిడ్ మాత్రలను ఉన్నపళంగా మానేయకండి. ఒంట్లో సొంత హార్మోను తయారీ అప్పటికే మందగించి ఉంటుంది గనుక డాక్టరు చెప్పిన ప్రకారం మెల్లగా తగ్గించుకోవలసిందే.